సాఫు ప్రతి

11 ఫిబ్రవరి 2025, మంగళవారం

ముప్ఫై ఒక్క ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. ఇవాళ స్టాఫ్‌రూం బీరువా తలుపు మీద నాకు తెలుగు నేర్పే కాగితం ఒకటి వెలిసింది.

అతికించింది సంధ్యారాణి. తొర్రూరు నుంచి బస్సులో వస్తుంది, మంగళ శుక్రవారాలు మా బడికి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సర్కారు పెట్టిన రిసోర్స్ టీచరు. వయసు నా చిన్న కూతురంత. కాగితంలో రెండు వరుసలు. ఎడమ వైపు అనకూడని మాటలు, కుడి వైపు అనదగినవి. ఎడమ వైపు "ఆటిజంతో బాధపడుతున్న", కుడి వైపు "ఆటిజం ఉన్న". ఎడమ వైపు "నార్మల్ పిల్లలు", కుడి వైపు "మిగతా పిల్లలు". "పాపం" అనే మాట ఎడమ వరుసలో ఒంటరిగా ఉంది. దానికి ఎదురుగా కుడి వైపు ఏమీ రాయలేదు.

"పాపం అనకుంటే మరేమనాలమ్మా?" అని అడిగాను.

"ఏమనొద్దు సార్," అంది.

ఆ కాగితం కింద నా టైంటేబుల్ ఉంది. ఇప్పుడు నా పీరియడ్ ఎప్పుడో తెలియాలంటే "మెంటల్" అనే మాటను వేలితో పైకెత్తి చూడాలి.

14 ఫిబ్రవరి, శుక్రవారం

ఈ గొడవంతా ఏడో తరగతిలో ఉన్న ఒక్క పిల్ల కోసం. భాస్కర్ కూతురు. బడి ఉన్న ఈ కొత్తవాడలోనే ఇల్లు, జంపఖానాలు నేసేవాళ్లు. ఆ పిల్ల మాట్లాడదు. మాట్లాడినా రెండు ముక్కలు. గంట కొడితే చెవులు మూసుకుని వరండాలోకి పోతుంది. ఆరో తరగతి నుంచి నా దగ్గరే ఉంది. నా వల్ల ఆ పిల్లకు గాని, ఆ పిల్ల వల్ల నాకు గాని ఏ ఇబ్బందీ లేదు.

ఒక్క చాదస్తం ఉంది. నా పీరియడ్ మొదలవకముందే కొత్త చాక్‌పీస్ ఒకటి తెచ్చి నా టేబుల్ మీద కుడి మూల నిలబెడుతుంది. పడుకోబెట్టదు, నిలబెడుతుంది. నేను తరగతిలోకి వచ్చేసరికి అది కాపలావాడిలా అక్కడ ఉంటుంది. రెండేళ్లలో ఒక్కరోజు తప్పలేదు. వద్దని చెప్పాను, అరిచాను కూడా. సగం అరిగిన ముక్కలన్నీ నా జేబులోకి చేరుతాయి. చొక్కాలు తెల్లబడ్డాయని ఇంట్లో నా భార్య అనసూర్య నన్ను తిడుతుంది.

ఇవాళ సంధ్యారాణి తరగతిలో వెనక కూర్చుంది. ఆ పిల్లను పద్యానికి అర్థం అడిగాను. ఎప్పటిలాగే కిటికీ వైపు చూసింది. "దీనికి ఏం చెప్పినా ఒకటే," అన్నాను. మామూలుగా అనేదే. సంధ్యారాణి నన్ను వరండాలోకి పిలిచింది.

"ఆమె ముంగట ఆమె గురించి మాట్లాడొద్దు సార్. ఆమెతోని మాట్లాడుండ్రి."

"వింటే కద."

"వినదని మీకెట్ల తెలుసు?"

సరే, ఆ మాట పక్కన పెట్టి అసలు సంగతి అడిగాను. నువ్వేమో "ఆటిజం ఉన్న" అని రాశావు, మొన్న శిక్షణలో ఇంకొకాయన "ఆటిస్టిక్" అన్నాడు, ఏది ఖాయం? "కొందరికి గట్ల ఇష్టం సార్, కొందరికి గిట్ల. వాళ్లనే అడగాలె," అంది. ముందు మీరంతా కూర్చుని ఒక మాట మీదికి రండి, తర్వాత బీరువా దగ్గరికి వద్దురు గాని అన్నాను. నిఘంటువులో "స్వలీనత" అని చక్కటి మాట ఉంది, అది వాడొచ్చు కదా అని కూడా అన్నాను.

"అది తిరుమలక్కకు సమజైతదా సార్?" అంది. తిరుమల ఆ పిల్ల తల్లి. అడగాల్సిన ప్రశ్నే అడిగింది. అందుకే ఇంకా మంటగా ఉంది.

15 ఫిబ్రవరి

కాగితం చింపేద్దామనుకున్నాను. మా బడి హెచ్చెం చూస్తున్నాడు.

3 మార్చి, సోమవారం

మధ్యాహ్నం అన్నాల వేళ తిరుమల వచ్చింది, కూతుర్ని పక్కన పెట్టుకుని. మా బడి ఏడుతో సరి. ఎనిమిదికి పెద్ద బడికి పోవాలి. అక్కడి హెడ్మాస్టరు భానుచందర్ ముందే చెప్పాడట, పిల్ల సంగతేమిటో వాళ్ల సార్లతో రాయించుకుని రమ్మని.

"నీ చెయ్యి పడితే పనైతది సార్. జర మంచిగ రాయి. ఇంట్ల కూసోబెడితే ఆగమైతది పిల్ల. బడంటే పానం దానికి," అంది.

నా చెయ్యి పడితే పని అవుతుంది, నిజమే. కొత్తవాడలో ఎవరికి ఏ ఆఫీసులో ఏం కావాలన్నా అర్జీ నా దగ్గరే. రహస్యం ఒక్కటే: చదివేవాడి కంట్లో నీళ్లు తిరగాలి. అందుకు కొంచెం చిలవలు పలవలు చేర్చాలి. మా వీధిలో జంపఖానాలు నేసే మొండయ్యకు మందగించింది ఒక కన్నే. నేను రెండూ పోయాయని రాశాను. పెన్షన్ వచ్చింది. ఇప్పటికీ వీధిలోకి ఆఫీసు మనిషి వస్తే మొండయ్య గోడ పట్టుకుని నడుస్తాడు. అది వేరే సంగతి.

అర్జీ నేను చేత్తో రాయను. నా రాత కోడి గీరినట్టు ఉంటుంది. నోటితో చెబుతాను, పిల్లల్లో ఎవరో ఒకరు సాఫు ప్రతి రాస్తారు. వాళ్లకు అక్షరం కుదురుతుంది, నాకు పని జరుగుతుంది. ఎన్నో ఏళ్ల ఆనవాయితీ. ఇవాళ పిల్లలంతా బయట ఆడుకుంటున్నారు. చేతికి అందింది ఈ పిల్లే. తెల్ల కాగితం, పెన్ను ఇచ్చి కూర్చోబెట్టి మొదలుపెట్టాను. ఇక్కడ కూడా ఎక్కించుకుంటున్నాను, మళ్లీ ఎవరికైనా పనికొస్తుంది.

"మహారాజశ్రీ ప్రధానోపాధ్యాయుల వారి సముఖమునకు. ఆటిజమను మహమ్మారి బారినపడి అహోరాత్రములు బాధపడుచున్న ఈ విధివంచితురాలిని గూర్చి విన్నవించుకొనునది ఏమనగా: ఈమెకు నోట మాట రాదు. చదివినది తలకెక్కదు. మంచి చెడు తెలియదు. ఎవరి మీదను ప్రేమగాని కోపముగాని లేని అమాయకురాలు. కన్నవారికి గుండెల మీది కుంపటి. తమరు దయతలచి ఒక మూలన కూర్చుండనిచ్చినచో చాలును."

ఆగకుండా చెప్పాను, ఆగకుండా రాసింది. ఒక్క తప్పు లేదు. ముత్యాల్లాంటి అక్షరాలు. "విధివంచితురాలు" అని తప్పు లేకుండా రాసే పిల్లలు మా బడిలో ఇంకొకరు లేరు. తిరుమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. నేను సంతకం పెట్టాను. చాలా రోజులకు చేయి తిరిగినట్టు అనిపించింది.

4 మార్చి

టేబుల్ మీద చాక్‌పీస్ లేదు.

5 మార్చి

లేదు. పెట్టె ఖాళీ అయిందేమోనని ఆఫీసులో అడిగాను. రెండు పెట్టెలున్నాయి.

10 మార్చి, సోమవారం

ఆ పిల్ల వస్తోంది, కూర్చుంటోంది, రాసుకుంటోంది. నా వైపు చూడదు. అంతకుముందు చూసేదా అంటే అదీ లేదు. చాక్‌పీస్ మాత్రం లేదు. వద్దని నేనే అరిచాను కదా, ఇన్నాళ్లకు తలకెక్కి ఉంటుంది. మంచిదే.

15 మార్చి, శనివారం

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పదింటికే గోడలు కాలుతున్నాయి. జేబులోంచి ముక్క తీసి రాశాను.

18 మార్చి, మంగళవారం

నా అర్జీ పారింది. భానుచందర్ చదివి కళ్లు తుడుచుకున్నాడట. తుడుచుకుని, ఇంత బాధలో ఉన్న పిల్లను నలుగురి మధ్య కూర్చోబెట్టడం పాపమని, ఇంటి దగ్గరి చదువు జాబితాలో పేరు రాశాడట. అంటే పేరు పెద్ద బడి రిజిస్టరులో ఉంటుంది, పిల్ల ఇంట్లో ఉంటుంది. వారానికోసారి రిసోర్స్ టీచరు వెళ్లి ఓ గంట కూర్చుని వస్తుంది.

ఈ ముక్క చెప్పడానికి సంధ్యారాణి అర్జీ జిరాక్సు పట్టుకుని వచ్చింది.

"మంచంల నుంచి లేవలేని పిల్లలకు పెట్టిన ఏర్పాటది సార్. నడుసుకుంట బడికొచ్చే పిల్లకు కాదు."

"కాదనే హక్కు వాళ్లకెక్కడిది? చట్టం ఉన్నది కద," అన్నాను.

"చట్టం ఉన్నది. మీ లెటర్ గూడ ఉన్నది. నేనేం చెప్పినా ఆయన మీ లెటరే సూపిస్తాండు. రెండేండ్లు చదువు చెప్పిన సారే గిట్ల రాసిండు, నడిమిట్ల నువ్వేందమ్మా అంటాండు."

"సాయం చేద్దామనే రాసిన."

"తెలుసు సార్."

ఆ "తెలుసు సార్" నాకు అరికాలి నుంచి నెత్తికెక్కింది. తిడితే పోయేది కదా. ఈ మనుషులు మర్యాదగా మాట్లాడటం నేర్చుకున్న దగ్గర్నుంచి వీళ్లతో పోట్లాడటం కూడా కుదరడం లేదు.

వెళ్తూ వెళ్తూ కాగితం వైపు చూసి అడిగింది. "ఈ చేతిరాత ఎవరిది సార్?"

"నాదే."

టేబుల్ మీద నేను దిద్దిన నోటుబుక్కుల కట్ట ఉంది. పైదానిలో నా ఎర్ర సిరా. దాన్ని చూసింది, జిరాక్సు మడిచి సంచిలో పెట్టుకుంది, వెళ్లింది.

ఎవరు రాస్తే ఏమిటి? అదీ ఒక ప్రశ్నేనా?

21 మార్చి, శుక్రవారం

సంధ్యారాణి ఇవాళ నాతో మాట్లాడలేదు. హాయిగా ఉంది.

25 మార్చి, మంగళవారం

మాట్లాడలేదు. హాయిగానే ఉంది.

సాయంత్రం మొండయ్య ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సారూ, నా కన్ను ఒకటి మంచిగనే ఉన్నదని కాయితం రాయరాదు."

ఎందుకయ్యా, ఉన్న పెన్షన్ పోగొట్టుకుంటావా అన్నాను.

"నాలుగేండ్ల సంది తలుపేసుకొని నేస్తాన సారూ. సొసైటీ షెడ్డుల నలుగుట్ల కూసొని, ముచ్చట్లు చెప్పుకుంట నేద్దామని పానం కొట్టుకుంటాంది. గుడ్డోడు ఎట్ల నేస్తడంటరు. నువ్వు రాసిన కాడ్నించి నేను గుడ్డోన్నే అయిన."

పిచ్చి మాటలు మాట్లాడకు, గమ్మునుండు అని పంపించేశాను. మా ఇంటి గడప దాటుతూ గోడ తడుముకుంటూ వెళ్లాడు. మా ఇంట్లో ఆఫీసు మనిషి ఎవరున్నారని? అలవాటైపోయింది.

వంటింట్లోంచి అనసూర్య అంది. "నీ అర్జీలల్ల బాగుపడ్డోడు ఎవ్వడన్న ఉన్నడా? అందరిని గుడ్డోళ్లను కుంటోళ్లను చేసి పెట్టినవ్."

ఈ ఇంట్లో కూడా శాంతి లేదు.

2 ఏప్రిల్, బుధవారం

ఆటిజం అవగాహన దినం. పై నుంచి ఉత్తర్వు, ఫోటోలు తీసి పంపాలి. ఉపన్యాసం నా నెత్తిన పడింది, ఇంకెవరి నెత్తిన పడుతుంది? పంతానికి సంధ్యారాణి కాగితం బట్టీ పట్టి వెళ్లాను. ఎడమ వరుసలోని మాట ఒక్కటీ నా నోట రాలేదు. "బాధపడుతున్న" అనలేదు, "పాపం" అనలేదు. పది నిమిషాలు కుడి వరుసలోనే నడిచాను. చప్పట్లు కొట్టారు.

ఆ పది నిమిషాలూ భాస్కర్ కూతుర్ని ఎండలో నా పక్కన నిలబెట్టారు, చేతిలో అట్ట బోర్డు పెట్టి. ఫోటోలో పడాలి కదా. బోర్డు మీద "మమ్మల్ని అర్థం చేసుకోండి" అని ఉంది. నేను ముగించగానే ఎవరో డప్పు మొదలుపెట్టారు. ఆ పిల్ల బోర్డు వదిలేసి చెవులు మూసుకుంది. "పట్టుకో, పట్టుకో, ఫోటో," అని హెచ్చెం. ఒకరిద్దరు నవ్వారు.

బోర్డు నేను తీశాను. డప్పు ఆపమన్నాను. ఆపలేదు. అరిచాను. అప్పుడు ఆపారు.

వెనక నుంచి సంధ్యారాణి, రెండు వారాల తర్వాత మొదటి మాట: "మాటలు మంచిగ మాట్లాడిండ్రు సార్."

మెచ్చుకోలు అనుకుని ఇంటికి వచ్చాను. అన్నం తింటుంటే అర్థమైంది.

5 ఏప్రిల్, శనివారం

ఇంకో ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. అబద్ధాలు లేకుండా, మామూలు తెలుగులో. "ఇందు" అని ఆ పిల్ల పేరుతో మొదలుపెట్టాను. తర్వాత ఏం రాయాలో తెలియలేదు.

విధివంచితురాలు కాదు. సరే, మరి ఎవరు? పెన్ను పట్టుకుని అర్ధగంట కూర్చున్నాను. ఏమి బాగా చదువుతుంది, ఎక్కడ ఇబ్బంది పడుతుంది, పక్కన ఎవరు కూర్చుంటే ఇష్టం, నాకొక్కటీ తెలియదు. రెండేళ్లు రోజూ నలభై ఐదు నిమిషాలు ఎదురుగా కూర్చున్న పిల్ల గురించి నా దగ్గర ఉన్న నిజమైన వాక్యం ఒక్కటే: రోజూ చాక్‌పీస్ పెట్టేది, ఇప్పుడు పెట్టడం లేదు.

సిగ్గేసింది. కాగితం చింపాను.

7 ఏప్రిల్, సోమవారం

గంట కొట్టే ముందు మొగిలమ్మ, మా అటెండరు, తరగతి వైపు తిరిగి చేయి ఎత్తుతుంది. ఇందు చెవులు మూసుకుంటుంది. అప్పుడు మొగిలమ్మ గంట కొడుతుంది. ఇందు బయటికి పోదు. మొగిలమ్మ సెలవు పెట్టిన రోజే వరండాలోకి పోతుంది.

ఈ ఏర్పాటు ఎప్పటి నుంచి అని అడిగాను.

"ఆరో తరగతి సంది సార్. మీరు సూడలేదా?"

9 ఏప్రిల్, బుధవారం

పద్యం అర్థం ఇవాళ నోటితో అడగలేదు. చీటీ మీద రాసి ఇచ్చాను. నాలుగు వాక్యాల్లో రాసి ఇచ్చింది. నేను చెప్పిన అర్థం కాదు, నా దానికంటే బాగుంది. రెండేళ్లు నోటితోనే అడిగాను. చెప్పలేదని మార్కులు వేయలేదు.

10 ఏప్రిల్

పక్క పిల్ల సంచి తగిలితే పక్కకు జరుగుతుంది. పీరియడ్లు తారుమారైతే మాత్రం ఆ రోజంతా పెన్ను ముట్టదు. ముందురోజు చెప్తే ఏ గొడవా లేదు. ఇది పిల్లలందరికీ తెలుసు. నాకు ఇవాళ తెలిసింది.

13 ఏప్రిల్, ఆదివారం

పొద్దున భాస్కర్ వాళ్ల ఇంటికి వెళ్లాను. ముందు గదిలోనే మగ్గం. భాస్కర్ మగ్గం గుంటలో కూర్చుని జంపఖానా నేస్తున్నాడు. పక్కన పీట మీద ఇందు. చేతిలో గళ్ల కాగితం, దాని మీద రంగు పెన్సిళ్లతో వేసిన డిజైను. మగ్గం చప్పుడు గంట కంటే తక్కువేం కాదు. చెవులు మూసుకోలేదు.

"ఎర్ర నాలుగు. నల్ల రెండు. ఎర్ర ఒకటి. తెల్ల ఆరు," అని చదువుతోంది. గొంతు స్పష్టంగా ఉంది. ఆ గొంతు నేను అంతసేపు ఎన్నడూ వినలేదు. భాస్కర్ తలెత్తకుండా దారం వేస్తూ పోతున్నాడు.

"నేనే గళ్లు సూస్కుంట పోతే పొద్దుగూకుతది సార్. బిడ్డ చెప్తాంటే చెయ్యి దానంతటదే పోతది," అన్నాడు.

తిరుమల చాయ్ ఇచ్చింది. ఇచ్చి అక్కడే నిలబడింది. మార్చిలో నా ముందు కొంగు అడ్డం పెట్టుకున్న మనిషి, ఇవాళ పెట్టుకోలేదు.

"గా రోజు నాక్కూడ గుచ్చుకున్నయి సార్ గా మాటలు. అర్జీ అంటే గట్లనే ఉంటదేమో అనుకున్న. పెద్దసారువు, నీకెర్కలేదా అనుకున్న. గని దాని చేత్తోనే రాయిస్తివి. వారం రోజులు బువ్వ సక్కగ తినలే పిల్ల."

చాయ్ చల్లారిపోయింది. తాగలేకపోయాను. సాయం చేద్దామనే రాశాను అని ఈసారి అనలేదు.

సంధ్యారాణి అడిగిన ప్రశ్న అదే కదా, ఈ చేతిరాత ఎవరిది అని. నాదే అన్నాను. ఆ పిల్ల చేతిని పట్టుకుని ఆ పిల్ల మీదే రాయించిన మాటలు. చదివినది తలకెక్కదు అని చెబుతూ ఉన్నాను, తప్పు లేకుండా రాస్తూ ఉంది, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మురిసిపోయాను. నాలాంటి గాడిద ఇంకొకడు ఉంటాడా?

16 ఏప్రిల్, బుధవారం

తిరుమలను అడిగి, బడి విడిచాక ఇందును ఓ అర్ధగంట ఉంచాను. సంధ్యారాణిని కూడా రమ్మన్నాను, తన రోజు కాకపోయినా వచ్చింది. దూరంగా కూర్చుంది.

చీటీ మీద రాశాను: "పెద్ద బడికి కొత్త ఉత్తరం రాయాలి. నేను చెబితే నువ్వు రాస్తావా? ఇష్టం లేకపోతే వద్దు."

చాలాసేపు చీటీ చూసింది. కింద రాసింది: "రాస్తాను. అబద్ధాలు చెప్పొద్దు."

ఇంకో చీటీ రాశాను. ఫిబ్రవరిలో నేను ఎద్దేవా చేసిన ప్రశ్నే. "ఆటిజం ఉన్న బాలిక అని రాయాలా, ఆటిస్టిక్ బాలిక అని రాయాలా?"

"ఇందు, ఏడవ తరగతి, రోల్ నంబరు 14" అని రాసింది.

"ఆటిజం సంగతి రాయనా వద్దా?"

"ఉంది కదా. రాయాలి."

సంధ్యారాణి వైపు చూశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. నవ్వు ఆపుకుంటోందని భుజాలు చెబుతున్నాయి.

మొదలుపెట్టాను. ఇందుకు ఆటిజం ఉంది. తక్కువ మాట్లాడుతుంది, చీటీ మీద అడిగితే రాస్తుంది. గంట కొట్టే ముందు చేయి ఎత్తి చూపితే చాలు. పీరియడ్లు మారితే ముందురోజు చెప్పాలి. వరండాలోకి వెళ్తే వెంట పడొద్దు, తనే వస్తుంది. చేతిరాత బడిలో అందరికంటే బాగుంటుంది. గళ్ల కాగితం చూసి డిజైను తప్పు లేకుండా చదువుతుంది. రాస్తూ పోయింది. నా బతుకులో ఇంత పేలవమైన తెలుగు నేను ఎప్పుడూ చెప్పలేదు. ఒక్క విశేషణం లేదు.

చివరి వాక్యం చెప్పాను. "మార్చి మూడో తారీఖున నేను రాయించిన అర్జీలో ఐదు అబద్ధాలు ఉన్నాయి."

పెన్ను ఆగింది.

ఐదేనని నేను ఇంట్లో లెక్కపెట్టుకునే వచ్చాను. అహోరాత్రాలు బాధపడుతోంది అన్నది ఒకటి. మాట రాదు, చదువు ఎక్కదు, మంచి చెడు తెలియదు, అవి మూడు. మూలన కూర్చోబెడితే చాలు అన్నది ఐదోది.

"ఐదు అని రాయి ఇందూ," అన్నాను.

"ఏడు," అంది.

నోటితో అంది. మార్చి మూడు తర్వాత నాతో అన్న మొదటి మాట. మళ్లీ వేళ్ల మీద లెక్కపెట్టాను. ఐదే వచ్చాయి. సంధ్యారాణి లేచి వచ్చి సంచిలోంచి జిరాక్సు తీసి ఇందు ముందు పెట్టింది. ఇందు ఒక చోట వేలు పెట్టింది. "కన్నవారికి గుండెల మీది కుంపటి."

మొన్న మగ్గం పక్కన నిలబడి చూసి వచ్చాను కదా. కళ్లారా చూసి కూడా ఆ మాటను నిజాల్లోనే ఉంచుకున్నాను.

వేలు ఇంకో వాక్యం మీదికి జరిగింది. "ఎవరి మీదను ప్రేమగాని కోపముగాని లేని."

నలభై నాలుగు రోజులుగా చాక్‌పీస్ పెట్టని పిల్ల. రెండేళ్లు ఒక్కరోజు తప్పకుండా పెట్టిన పిల్ల. ప్రేమ లేదట, కోపం లేదట. నేను రాయించాను, తను రాసింది.

ఏడ్చాను. ఈ వయసులో, బడిలో, ఇద్దరు ఆడపిల్లల ముందు. ఇందు కాసేపు ఆగింది. నేను ఆపకపోయేసరికి తనే "ఏడు" అని రాసి, వాక్యం పూర్తి చేసి, సంతకం పెట్టాల్సిన చోట చుక్క పెట్టి, కాగితం నా వైపు తిప్పింది.

17 ఏప్రిల్, గురువారం

భానుచందర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"ఇదీ మీరే రాసిండ్రు, అదీ మీరే రాసిండ్రు. దేన్ని నమ్మాలె సార్ నేను?"

"నన్ను నమ్మొద్దు. చేతిరాత సూడుండ్రి. రెండూ ఆ పిల్లే రాసింది."

అద్దాలు పెట్టుకుని చూశాడు. ఒకసారి ఇది, ఒకసారి అది.

"మొదటిది గూడానా?"

"మొదటిది గూడా. నేను చెప్పిన, ఆమె రాసింది."

"ఏమన్లేదా పిల్ల?"

"అన్నది. నాకే వినరాలే."

ఈసారి ఆయన కళ్లు తుడుచుకోలేదు. జాబితా తెప్పించి, ఇందు పేరు మీద గీత కొట్టి, కింద సంతకం పెట్టి తారీఖు వేశాడు. గంట ఎవరు కొడతారో ఆ మనిషిని పిలిపించి, చేయి ఎత్తడం సంగతి నా ముందే చెప్పాడు. పని ఇంత సులువని తెలిస్తే ముప్ఫై ఏళ్లు అంత కష్టపడి ఎందుకు రాసేవాడిని?

20 ఏప్రిల్, ఆదివారం

మొండయ్య దగ్గరికి నేనే వెళ్లి కాగితం రాసి ఇచ్చాను. ఎడమ కన్ను మందగించింది, కుడి కన్ను బాగా కనిపిస్తుంది. ఒక్కటే వాక్యం. "గింతేనా?" అన్నాడు. పెన్షన్ సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

23 ఏప్రిల్, బుధవారం

ఆఖరి రోజు. ఇందుకు టీసీ ఇచ్చాం. తీసుకుని వెళ్లిపోయింది. చాక్‌పీస్ లేదు.

బీరువా మీది కాగితం ఒక మూల ఊడింది. గమ్ పెట్టి అతికించాను. హెచ్చెం చూడలేదు.

12 జూన్, గురువారం

బడులు తెరిచారు. ఏడో తరగతిలోకి వెళ్లగానే టేబుల్ కుడి మూల చూశాను. ఏడో తరగతిలో ఇప్పుడు వేరే పిల్లలు కదా.

24 జూన్, మంగళవారం

సంధ్యారాణి పెద్ద బడికి వెళ్లి వచ్చింది. ఇందు రెండో బెంచీలో కూర్చుంటోందట. గంట మనిషి ఇప్పటిదాకా ఒక్కరోజే మరిచాడట.

"ఇంకొక ముచ్చట సార్," అంది. "తెలుగు మేడం టేబుల్ మీద రోజూ చాక్‌పీస్ నిలవెడుతాందట. కుడి మూలకు. మేడంకు చెప్పొచ్చిన, వద్దని ఒర్రకుండ్రి అని."

కడుపు మండింది. ఆ మేడం ఏం చేసిందని? రెండు వారాలు కాలేదు పిల్ల అక్కడికి వచ్చి. కాసేపటికి సంతోషం వేసింది. రెండూ కలిసి ఉన్నాయి ఇప్పటికీ.

మధ్యాహ్నం పీరియడ్‌కు ముందే తరగతికి వెళ్లాను. ఆఫీసు నుంచి కొత్త చాక్‌పీస్ తెచ్చుకున్నాను. టేబుల్ కుడి మూల నిలబెట్టబోయాను. పడిపోయింది. బల్ల అక్కడ కొంచెం వాలుగా ఉంది, ఇన్నేళ్లలో నేను గమనించలేదు. మూడుసార్లు పడింది. నాలుగోసారి ఊపిరి బిగబట్టి పెడితే నిలిచింది.

ఇందుకు రోజూ ఎంతసేపు పట్టేదో.